బుల్లెట్ ఇంజిన్లలో రకాలు, క్యామ్‌షాఫ్ట్ మార్పు: ఏ బండికి ఏది తగును

రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి ఉన్నవారిలో చాలామందికి ఏదో ఒక దశలో కలిగే కోరిక ఒకటే. బండి రూపం, నడక, శబ్దం ఉన్నవి ఉన్నట్టే ఉండాలి, లాగుడు మాత్రం ఇంకాస్త పెరగాలి. ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు మార్చడం పూర్తయ్యాక మెకానిక్ షాపులో వినిపించే తరువాతి మాట క్యామ్‌షాఫ్ట్, అంటే ఇంజిన్ వాల్వులను తెరిచి మూయించే ఇరుసు. అప్పుడు అందరూ అడిగేది "ఏ క్యామ్ మంచిది?" అని. అంతకంటే ముందు తేల్చుకోవలసినది మన బండిలో ఉన్నది ఏ ఇంజిన్, ఆ ఇంజిన్ ఏ వేగం దగ్గర ఊపిరి అందక ఆగిపోతోంది, మనం రోజూ నడిపేది ఏ వేగంలో అన్న సంగతులు. ఈ మూడూ తేలితే క్యామ్ ఎంపిక చాలావరకు దానంతట అదే తేలిపోతుంది, కొన్ని బళ్లకైతే క్యామ్ మార్చనవసరం లేదని కూడా తేలుతుంది.

ఒకే పేరు, వేర్వేరు ఇంజిన్లు

ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పుట్టిన బుల్లెట్‌ను మద్రాసులో తయారు చేయడానికి ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో ఏర్పడింది. అప్పటి నుంచి దాదాపు ఐదున్నర దశాబ్దాల పాటు నడిచిన పాత ఇంజిన్‌ను ఇప్పుడు అందరూ కాస్ట్ ఐరన్ ఇంజిన్ అంటున్నారు. 350 బండిలో బోరు (సిలిండరు వ్యాసం) 70 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ., సామర్థ్యం 346 సీసీ. 500 బండిలో స్ట్రోకు అంతే ఉండి బోరు 84 మి.మీ. అయింది, సామర్థ్యం 499 సీసీ. దీనిలో గేర్‌బాక్సు ఇంజిన్‌కు విడిగా ఉంటుంది. ఇన్‌టేక్‌కు ఒకటి, ఎగ్జాస్టుకు ఒకటి చొప్పున రెండు క్యామ్‌లు కుడివైపు టైమింగ్ కవరు వెనుక పళ్లచక్రాలతో తిరుగుతాయి. వాటి మీద టాపెట్లు, టాపెట్ల మీద పుష్‌రాడ్లు, పైన రాకర్లు ఉండి క్యామ్ ఊపును వాల్వుల దాకా చేరవేస్తాయి.

ఆ తరువాత ఆస్ట్రియాకు చెందిన ఏవీఎల్ సంస్థ సాయంతో అల్యూమినియం బ్యారెల్ గల, పెట్రోలు తక్కువగా ఉన్న మిశ్రమంతో నడిచే లీన్ బర్న్ ఇంజిన్ వచ్చింది. 2002లో వచ్చిన థండర్‌బర్డ్ ద్వారా ఇది ఎక్కువ మందికి తెలిసింది. గేర్‌బాక్సు ఇందులోనూ విడిగానే ఉంది. 2008 నుంచి వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజిన్) రకంలో ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే కేసులోకి చేరాయి. క్లాసిక్ 350, క్లాసిక్ 500 బళ్లను దేశమంతా నడిపించినది ఈ ఇంజినే. ఇక్కడ కూడా రెండు క్యామ్‌లు, పుష్‌రాడ్లు కొనసాగాయి గానీ టాపెట్లు హైడ్రాలిక్ అయ్యాయి. క్యామ్ ఎంపికలో ఈ ఒక్క మార్పు ఎంత తేడా తెస్తుందో ముందుకు వెళ్లాక చూద్దాం. 2013లో వచ్చిన కాంటినెంటల్ జీటీ 535 ఇదే ఇంజిన్‌కు 87 మి.మీ. బోరు ఇచ్చిన రూపం.

2018లో వచ్చిన రెండు సిలిండర్ల 650 ట్విన్, 2020 నవంబరులో మీటియర్‌తో వచ్చిన 349 సీసీ జే సిరీస్ ఇంజిన్ పుష్‌రాడ్లను వదిలేశాయి. వీటిలో ఒకే క్యామ్ హెడ్‌లో ఉండి గొలుసుతో తిరుగుతుంది. 2021 సెప్టెంబరు తరువాతి క్లాసిక్ 350, 2022 నుంచి వచ్చిన హంటర్, 2023 తరువాతి బుల్లెట్ 350 అన్నీ జే సిరీస్ బళ్లే. అంటే బండి మీద బుల్లెట్ అనో క్లాసిక్ అనో రాసి ఉన్నంత మాత్రాన లోపల ఏ ఇంజిన్ ఉందో చెప్పలేము. కొనే ముందు ఇంజిన్ నంబరు, తయారైన సంవత్సరం చూసుకోవాలి. కాస్ట్ ఐరన్, ఏవీఎల్, యూసీఈ మూడింటి 350 రూపాల్లోనూ బోరు, స్ట్రోకు ఒక్కటే కావడంతో ఒకదాని క్యామ్ ఇంకొకదానికి పట్టేస్తుందని చెప్పి అమ్మేవారు ఉంటారు, ఆ మాట నమ్మి డబ్బు ఇవ్వరాదు.

క్యామ్ మార్చితే నిజంగా మారేది ఏమిటి

పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు క్రాంకు. క్యామ్ ఆ క్రాంకు వేగంలో సగం వేగంతో తిరుగుతూ వాల్వును ఎప్పుడు తెరవాలో, ఎంత ఎత్తు లేపాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో నిర్ణయిస్తుంది. ఎత్తును లిఫ్ట్ అనీ, తెరిచి ఉంచే కాలాన్ని క్రాంకు డిగ్రీలలో కొలిచి డ్యూరేషన్ అనీ అంటారు. ఉదాహరణకు ఒక ఇన్‌టేక్ వాల్వు పిస్టన్ పైకొస చేరడానికి 25 డిగ్రీల ముందే తెరుచుకొని, కింది కొస దాటిన 60 డిగ్రీలకు మూసుకుందనుకుందాం. 25, 180, 60 కలిపితే దాని డ్యూరేషన్ 265 డిగ్రీలు. అదే ఇంజిన్‌లో ఎగ్జాస్టు వాల్వు కింది కొసకు 65 డిగ్రీల ముందు తెరుచుకొని పైకొస దాటిన 20 డిగ్రీలకు మూసుకుంటే దాని డ్యూరేషన్ కూడా 265 డిగ్రీలే అవుతుంది. పైకొస దగ్గర రెండు వాల్వులూ తెరిచి ఉండే 45 డిగ్రీలను ఓవర్‌ల్యాప్ అంటారు.

ఈ అంకెల్లో రోడ్డు మీద నడిపేవారు అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది ఇన్‌టేక్ వాల్వు మూసుకునే సమయం. వేగంగా తిరిగే ఇంజిన్‌లో లోపలికి వచ్చే గాలికి ఊపు ఉంటుంది కనుక, పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టినా గాలి లోపలికి వస్తూనే ఉంటుంది, అందువల్ల వాల్వు ఆలస్యంగా మూసుకోవడం అక్కడ లాభం. నిదానంగా తిరిగేటప్పుడు ఆ ఊపు ఉండదు, పిస్టన్ పైకి వస్తూ అప్పుడే పీల్చుకున్న మిశ్రమంలో కొంత భాగాన్ని వచ్చిన దారినే వెనక్కి నెట్టేస్తుంది. ఫలితంగా కాగితం మీద 8.5 నిష్పత్తి గల కంప్రెషన్ వాస్తవంలో అంతకంటే తక్కువగా పనిచేస్తుంది. పెద్ద క్యామ్ వేసిన బండి సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు నీరసపడడానికి, అటువంటి క్యామ్‌తో పాటు కంప్రెషన్ ఎక్కువగా ఉండే పిస్టన్ కూడా వేయమని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే.

లిఫ్ట్ సంగతి వేరు. డ్యూరేషన్ పెంచకుండా లిఫ్ట్ మాత్రం పెంచితే కింది వేగాల లాగుడు పెద్దగా దెబ్బతినదు, కానీ వాల్వును అదే సమయంలో ఎక్కువ ఎత్తుకు లేపి దించవలసి రావడంతో స్ప్రింగుల మీద, టాపెట్ల మీద, లోబ్ (క్యామ్ మీది ఉబ్బు) ముఖం మీద భారం పెరుగుతుంది. రోడ్డు బండికి మంచి క్యామ్ అనిపించుకునేది ఎక్కువగా ఈ రకమే. లిఫ్ట్ ఒక మోస్తరు, డ్యూరేషన్ కొద్దిగా పెరిగి, ఓవర్‌ల్యాప్ దాదాపు పాతదే అయి ఉంటుంది.

కంపెనీ అంకెలను చదివే పద్ధతి

ఏ ఇంజిన్‌కు క్యామ్ వల్ల లాభం ఉంటుందో అంచనా వేయడానికి కంపెనీ ప్రకటించే నాలుగు అంకెలు చాలు. అవి గరిష్ఠ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), అది వచ్చే వేగం, గరిష్ఠ శక్తి, అది వచ్చే వేగం. న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎమ్‌తో గుణించి 7,121తో భాగిస్తే బీహెచ్‌పీ వస్తుంది. దీనినే తిరగేస్తే గరిష్ఠ శక్తి వచ్చే చోట టార్క్ ఎంత మిగిలి ఉందో తెలుస్తుంది.

యూసీఈ 350కి ప్రకటించిన అంకెలు 4,000 ఆర్‌పీఎమ్ వద్ద 28 న్యూటన్ మీటర్లు, 5,250 వద్ద 19.8 బీహెచ్‌పీ. లెక్క వేస్తే 5,250 వద్ద టార్క్ 26.9 వస్తుంది. అంటే ఈ మధ్యలో తగ్గినది నాలుగు శాతమే. యూసీఈ 500కు 4,000 వద్ద 41.3 న్యూటన్ మీటర్లు, 5,250 వద్ద 27.2 బీహెచ్‌పీ. అక్కడ మిగిలిన టార్క్ 36.9, తగ్గుదల పదకొండు శాతం దాకా ఉంది. రెండింటి స్ట్రోకూ ఒక్కటే, వేగాల మధ్య దూరమూ ఒక్కటే. అయినా 500 ముందుగా ఆయాసపడుతోంది, ఎందుకంటే పెద్ద సిలిండరుకు కావలసినంత గాలి పైవేగాల్లో అందడం లేదు. క్యామ్, గాలి దారి బాగు చేస్తే ఫలితం కనిపించేది 500లోనే అని నేను గట్టిగా అనడానికి ఆధారం ఇదే.

జే సిరీస్‌లో 4,000 వద్ద 27 న్యూటన్ మీటర్లు, 6,100 వద్ద 20.2 బీహెచ్‌పీ. అక్కడ మిగిలిన టార్క్ 23.6, తగ్గుదల పదమూడు శాతం. చూపుకు ఇది యూసీఈ 500 కంటే అధ్వాన్నంగా ఉన్నట్టుంది గానీ, తగ్గుదల 1,250 ఆర్‌పీఎమ్ మేర కాక 2,100 మేర పరుచుకుని ఉంది. కనుక ఈ ఇంజిన్ ఊపిరి అంత చెడ్డదేమీ కాదు. 650 ట్విన్‌లో 5,250 వద్ద 52 న్యూటన్ మీటర్లు, 7,250 వద్ద 47 బీహెచ్‌పీ, అంటే అక్కడ మిగిలిన టార్క్ 46.2.

శక్తి పెంచాలంటే ఆ మిగిలిన టార్క్‌ను ఇంకాస్త పైవేగం దాకా నిలబెట్టాలి. అక్కడ స్ట్రోకు అడ్డు వస్తుంది. పిస్టన్ సగటు వేగం స్ట్రోకును రెట్టింపు చేసి నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 60తో భాగిస్తే తెలుస్తుంది. 90 మి.మీ. స్ట్రోకు గల బుల్లెట్ 5,250 వద్ద సెకనుకు 15.75 మీటర్లు, 5,750 వద్ద 17.25 మీటర్లు. 85.8 మి.మీ. స్ట్రోకు గల జే సిరీస్ తన గరిష్ఠ శక్తి వద్దనే 17.4 మీటర్లకు చేరి ఉంది. 67.8 మి.మీ. స్ట్రోకు గల 650 మాత్రం 7,500 తిరిగినా 17 మీటర్లు దాటదు. యూసీఈ 350లో 26.9 న్యూటన్ మీటర్లను 5,750 దాకా నిలబెట్టగలిగామనే అనుకున్నా వచ్చేది 21.7 బీహెచ్‌పీ, అంటే రెండు బీహెచ్‌పీ కూడా పెరగదు. దానికి మారుగా 2,500 వద్ద 25 ఉన్న టార్క్ 23కు పడిపోయిందనుకుంటే, పట్టణంలో రోజంతా వాడే చోట ఎనిమిది శాతం పోగొట్టుకున్నట్టే. ఈ బేరం లాభమా నష్టమా అన్నది ఎవరికి వారు లెక్క చూసుకోవాలి.

కాస్ట్ ఐరన్ ఇంజిన్‌కు

క్యామ్ మార్చడానికి అన్నిటికంటే వీలైన ఇంజిన్ ఇదే. కవరు విప్పితే క్యామ్‌లు చేతికి అందుతాయి, వాటిని తీయడానికి హెడ్ దించనవసరం లేదు, ఇంధనాన్ని నియంత్రించే కంప్యూటరు ఈసీయూ లేదు, టాపెట్ సర్దుబాటు స్క్రూ ఉంది కనుక చిన్నాచితకా తేడాలను అక్కడే సరిచేసుకోవచ్చు. ఇన్‌టేక్, ఎగ్జాస్టు క్యామ్‌లు వేర్వేరుగా ఉండడంతో ఒక్క ఇన్‌టేక్ క్యామ్ మాత్రమే మార్చి చూడడం కూడా సాధ్యమే. అయితే ఒక పన్ను అటో ఇటో జరిపి టైమింగ్ సవరించవచ్చునని కొందరు చేసే ప్రయోగం మాత్రం వద్దు. ఒక పన్నుకు క్రాంకు డిగ్రీలలో వచ్చే తేడా సన్నని సవరణకు పనికిరానంత పెద్దది, వాల్వు పిస్టన్‌కు తగిలే ప్రమాదమూ ఉంది.

కానీ వయసు మళ్లిన ఈ ఇంజిన్లలో కొత్త రకం క్యామ్ కొనే ముందు పాతదానిని కొలిపించాలి. డయల్ గేజ్ పెట్టి వాల్వు ఎంత లేస్తోందో చూస్తే లోబ్ ముక్కు, టాపెట్ పాదం అరిగిపోయి లిఫ్ట్ తగ్గిన బళ్లు చాలా కనిపిస్తాయి. అటువంటి బండికి పెర్‌ఫార్మెన్స్ క్యామ్ వేసి "భలే పికప్ వచ్చింది" అని మురిసిపోయేవారు, అందులో సగం కంపెనీ క్యామ్ కొత్తది వేసినా వచ్చి ఉండేదని గమనించరు. క్యామ్‌లు తిరిగే స్పిండిళ్లు, వాటిని పట్టుకునే రంధ్రాలు వదులైతే టైమింగ్ పళ్లు అరుస్తాయి, ఎంత మంచి క్యామ్ వేసినా టైమింగ్ నిలకడగా ఉండదు.

ఈ ఇంజిన్ బిగ్ ఎండ్‌లో, అంటే కనెక్టింగ్ రాడ్డు క్రాంకుతో కలిసే చోట, ఉన్నది బుష్ బేరింగ్. ఎక్కువసేపు ఎక్కువ వేగంలో తిప్పడానికి అది ఉద్దేశించినది కాదు. కాబట్టి పైవేగాల్లో శక్తినిచ్చే రేసు రకం క్యామ్ దీనికి వేయడం క్రాంకు ఆయుష్షును ఖర్చు పెట్టడమే. ఇంగ్లండ్‌లోని హిచ్‌కాక్స్ వంటి విక్రేతల దగ్గర ఈ ఇంజిన్‌కు ఒకటి కంటే ఎక్కువ రకాల క్యామ్‌లు దొరుకుతాయి. వాటిలో రోడ్డుకు ఉద్దేశించిన తేలికపాటి రకాన్ని, అదీ 500 బండికి తీసుకోమని నా సలహా. 350 అయితే 24 మి.మీ. కార్బురేటరు, సన్నని పోర్టు అలాగే ఉంచి క్యామ్ ఒక్కటే మార్చడం వల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం ఉండదు.

ఏవీఎల్ ఇంజిన్‌కు విడిభాగాల ఎంపిక తక్కువ. పలుచని మిశ్రమంతో నడిచేలా కూర్చిన ఇంజిన్ కనుక క్యామ్‌తో పాటు కార్బురేటరు జెట్లను తప్పక సరిచేయాలి. సరైన భాగం చేతికి దొరికితే తప్ప దీని జోలికి పోకపోవడమే మంచిది.

యూసీఈ: హైడ్రాలిక్ టాపెట్ పెట్టే షరతులు

యూసీఈలో కూడా క్యామ్‌లు కుడివైపు కవరు వెనుకనే ఉంటాయి. చూడడానికి పని కాస్ట్ ఐరన్ అంత సులువుగానే కనిపిస్తుంది. తేడా అంతా హైడ్రాలిక్ టాపెట్‌లో ఉంది. ఆయిలు ఒత్తిడితో తన పొడవును తానే సర్దుకునే ఈ టాపెట్ వల్ల యజమానికి సర్దుబాటు పని తప్పింది, కానీ లోపలి ప్లంజరు కదలగల దూరం చాలా తక్కువ. స్టాక్ క్యామ్‌ను, అంటే కంపెనీ ఇచ్చినదానిని, లేత్ వర్క్ చేసేవారి దగ్గర గ్రైండింగ్ చేయించి లిఫ్ట్ పెంచితే, లోబ్ ముక్కుకు లోహం చేర్చలేరు కనుక ఉబ్బు లేని గుండ్రని భాగాన్ని, అంటే బేస్ సర్కిల్‌ను తగ్గిస్తారు. దానితో టాపెట్ కిందికి దిగుతుంది, ఆ దూరం ప్లంజరు పరిధి దాటితే వాల్వుల శబ్దం ఆగదు. అప్పుడు పొడవైన పుష్‌రాడ్లు చేయించాలి. కాస్ట్ ఐరన్‌లో స్క్రూ తిప్పితే తీరే సమస్య ఇక్కడ కొత్త ఖర్చుగా మారుతుంది.

స్ప్రింగుల విషయంలోనూ ఇదే చిక్కు. పైవేగాల్లో వాల్వు లోబ్‌ను వదిలి ఎగరకుండా ఉండాలంటే గట్టి స్ప్రింగు కావాలి, స్ప్రింగు మరీ గట్టిదైతే హైడ్రాలిక్ టాపెట్ నలిగి లిఫ్ట్ తగ్గిపోతుంది. స్ప్రింగు చాలక వాల్వు ఎగిరితే, ఆ సందును నింపడానికి టాపెట్ ఉబ్బి, వాల్వు పూర్తిగా మూసుకోకుండా చేస్తుంది. కాబట్టి యూసీఈకి క్యామ్, స్ప్రింగులు, అవసరమైతే పుష్‌రాడ్లు ఒకే విక్రేత కలిపి ఇచ్చే సెట్టుగా కొనాలి. ఎగ్జాస్టు క్యామ్ మీద ఆటో డీకంప్రెసర్ అమరిక ఉంటుందని కూడా మరువరాదు. స్టార్టు చేసేటప్పుడు వాల్వును కొద్దిగా తెరిచి స్టార్టర్ మీద భారం తగ్గించేది అదే. కొనే క్యామ్‌లో అది ఉందో లేదో అడగండి, లేకపోతే 500 బండిలో స్టార్టర్ క్లచ్చు మీద ఆ భారం పడుతుంది.

350 యూసీఈకి క్యామ్ వద్దని పైన వేసిన లెక్కే చెబుతోంది. 500కు, 535కు మాత్రం డ్యూరేషన్ మితంగా పెరిగిన క్యామ్, సరైన గాలి దారి, ఈసీయూ సవరణ మూడూ కలిస్తే మధ్య వేగాల నుంచి పైకి తేడా స్పష్టంగా ఉంటుంది. 535లో 4,000 వద్ద 44 ఉన్న టార్క్ 5,100 వద్ద 40.6కు దిగుతుంది. 500 కంటే ఇది మెరుగు, అయినా ఇంకా కొంత అవకాశం ఉన్న ఇంజినే. ఈ రెండింటిలో ఇంధనాన్ని కార్బురేటరు కాక ఈఎఫ్‌ఐ (ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్) నిర్ణయిస్తుంది. ఓవర్‌ల్యాప్ ఎక్కువ ఉన్న క్యామ్ వేస్తే ఐడ్లింగ్‌లో ఇన్‌టేక్ గొట్టంలోని వాక్యూమ్ చెదిరిపోయి, ఆ గొట్టంలోని ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సరు ఇచ్చే అంకెలు తప్పుతాయి. ఈసీయూ ఆ అంకెలనే నమ్మి ఇంధనం ఇస్తుంది కనుక బండి నిలకడగా ఐడ్లింగ్ ఆడదు. కార్బురేటరు బండిలో ఐడ్లింగ్ స్క్రూతో కొంత సర్దుకోగలం, ఇక్కడ ట్యూనింగ్ తప్ప వేరే దారి లేదు.

జే సిరీస్, 650 ట్విన్

జే సిరీస్ బండి ఉన్నవారికి నేను చెప్పేది సూటిగా ఉంటుంది: క్యామ్ మార్చవద్దు. పిస్టన్ వేగం ఇప్పటికే ఈ కుటుంబంలో ఎక్కువ, మిగిలిన అవకాశం తక్కువ, బండి వారంటీలో ఉండే అవకాశం ఎక్కువ. పైగా ఒకే షాఫ్ట్ మీద రెండు లోబ్‌లూ చెక్కి ఉండడంతో వాటి మధ్య కోణం తయారీలోనే ఖాయమైపోయింది. మనం చేయగలిగింది మొత్తం షాఫ్ట్‌ను ముందుకో వెనక్కో జరపడమే. 6,000 పైన తిప్పడం ఇష్టమైనవారు బండి మార్చుకోవడం క్యామ్ మార్చడం కంటే తెలివైన పని.

650 మాత్రం దీనికి పూర్తిగా భిన్నం. చిన్న స్ట్రోకు, సిలిండరుకు నాలుగు వాల్వులు, 270 డిగ్రీల క్రాంకు కలిగిన ఈ ఇంజిన్‌కు కంపెనీ ఇచ్చిన క్యామ్ చాలా సౌమ్యమైనది. గరిష్ఠ టార్క్‌లో ఎనభై శాతం 2,500 ఆర్‌పీఎమ్ నుంచే అందుతుందని కంపెనీ చెప్పుకోవడంలోనే ఆ సంగతి ఉంది. కింది వేగాల్లో ఇంత నిల్వ ఉన్న ఇంజిన్ కొద్దిగా పోగొట్టుకున్నా పట్టణంలో ఇబ్బంది పెట్టదు. 7,500 వద్ద 48 న్యూటన్ మీటర్లు నిలిపితే యాభై బీహెచ్‌పీ దాటుతుంది, క్రాంకు మీద అనవసరమైన భారమూ ఉండదు. అయితే ఈసీయూలోని వేగ పరిమితిని, ఇంధన పట్టికను కలిపి మార్చకపోతే కొత్త క్యామ్ తన పని చూపించే చోటికి ఇంజిన్ చేరనే చేరదు. ఎనిమిది వాల్వుల క్లియరెన్సు, క్యామ్ గొలుసు టైమింగ్ గుర్తులు, టెన్షనరు తిరిగి అమర్చడం తెలిసిన చేతికే ఈ పని అప్పగించాలి. బుల్లెట్ పనిలో ఎంత పేరున్న మిస్త్రీ అయినా 650 హెడ్ ఎప్పుడైనా విప్పాడా అని మొహమాటపడకుండా అడగడంలో తప్పు లేదు.

క్యామ్ కొనేటప్పుడు

విక్రేతలు "స్టేజ్ వన్", "హై లిఫ్ట్", "స్పోర్ట్" అని పేర్లు పెడతారు. ఆ పేర్లకు ప్రమాణం లేదు. అడగవలసినవి లిఫ్ట్ ఎన్ని మి.మీ., అది లోబ్ దగ్గరదా వాల్వు దగ్గరదా, డ్యూరేషన్ ఎంత, అది ఏ లిఫ్ట్ దగ్గర కొలిచినది, వాల్వులు తెరుచుకొని మూసుకునే డిగ్రీలు ఏవి. డ్యూరేషన్‌ను కొందరు వాల్వు సీటు వదిలిన క్షణం నుంచి, కొందరు 1 మి.మీ. లేచిన తరువాత నుంచి, అమెరికా తయారీదారులు అంగుళంలో వెయ్యికి 50 వంతులు, అంటే 1.27 మి.మీ. నుంచి కొలుస్తారు. ఒకే క్యామ్‌కు ఈ మూడు పద్ధతుల్లో వచ్చే అంకెలు ఎంతో తేడాగా ఉంటాయి కనుక, ఎలా కొలిచారో తెలియకుండా రెండు క్యామ్‌లను పోల్చడంలో అర్థం లేదు. ఈ అంకెలన్నీ రాసి ఉండే టైమింగ్ కార్డు ఇవ్వలేని విక్రేత దగ్గర కొనవద్దు.

గ్రైండింగ్ చేయించిన స్టాక్ క్యామ్ చవక. కానీ క్యామ్ ముఖం మీద గట్టిదనం పైపొరలోనే ఉంటుంది, ఆ పొరను రాతితో తీసేసి మళ్లీ హార్డెనింగ్ చేయకపోతే లోబ్ త్వరగా అరిగి, ఆ రజను ఆయిలులో కలిసి బేరింగులకు చేరుతుంది. ఈ ఒక్క కారణంగా నేను కొత్తగా తయారు చేసిన క్యామ్‌నే సమర్థిస్తాను, లేకపోతే స్టాక్ క్యామ్‌ను కదపవద్దంటాను.

క్యామ్ ఖర్చుకు ముందు ఆలోచించవలసిన ప్రత్యామ్నాయాలు కూడా ఉన్నాయి. ఘాట్ రోడ్డు మీద లాగుడు చాలడం లేదన్నదే బాధ అయితే ఇంజిన్ వైపు స్ప్రాకెట్‌లో (గొలుసు పళ్లచక్రం) 17 పళ్ల చోట 16 వేస్తే అన్ని గేర్లలోనూ చక్రానికి అందే లాగుడు ఆరు శాతం పెరుగుతుంది, ఖర్చు క్యామ్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు, నచ్చకపోతే అదే రోజు తీసేయవచ్చు. ఏది మార్చే ముందైనా కంప్రెషన్ కొలిపించి, వాల్వులు సీటు మీద సరిగ్గా కూర్చుంటున్నాయో చూడడం అంతకంటే ముఖ్యం. కంప్రెషన్ పెంచే పిస్టన్ వేయదలచినవారు మన వేసవిని గుర్తుంచుకోవాలి. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల ట్రాఫిక్‌లో గాలితో మాత్రమే చల్లబడే ఇంజిన్ నాకింగ్‌కు (సిలిండరులో మిశ్రమం తనంతట తానే పేలడం) ఎంతో దగ్గరగా నడుస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు నాకింగ్‌ను కొంత అడ్డుకుంటుంది గానీ, అదే శక్తికి ఎక్కువ ఇంధనం కోరుతుంది కనుక పాత కార్బురేటరు బండిలో జెట్టు చిన్నదైతే మిశ్రమం పలుచబడి వేడి పెరుగుతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తోంది. 2019లో సవరించిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. క్యామ్ బయటికి కనిపించకపోయినా పొల్యూషన్ పరీక్షలో, వారంటీ తనిఖీలో, ప్రమాదం తరువాత బీమా సర్వేలో సంగతి బయటపడవచ్చు. రోజూ ఆఫీసుకు నడిపే ఒకే ఒక్క బండి మీద ఈ ప్రయోగం చేయదలచినవారు దీనిని ఖర్చు కింద లెక్కించుకోవాలి. ట్రాక్ మీద మాత్రమే నడిపే బండికి ఈ బెడద లేదు.

బిగించేటప్పుడు

క్యామ్ బిగించి నేరుగా కిక్కు కొట్టడం అనేది ఎన్నడూ చేయరాదు. పిస్టన్ మీద పలుచగా బంకమట్టి పెట్టి ఇంజిన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, హెడ్ విప్పి మట్టి మందం కొలవాలి. వాల్వులు పిస్టన్‌కు అతి దగ్గరగా వచ్చేది పూర్తి లిఫ్ట్ వద్ద కాదు, పైకొసకు అటూ ఇటూ పది ఇరవై డిగ్రీల మధ్య. సాధారణంగా ఇన్‌టేక్ వైపు 1.5 మి.మీ., ఎగ్జాస్టు వైపు 2 మి.మీ. ఖాళీకి తక్కువ ఉండకూడదంటారు. పూర్తి లిఫ్ట్ వద్ద స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలి గడ్డకట్టకూడదు, స్ప్రింగు మీది రిటైనరు వాల్వు గైడు కొసను తాకకూడదు. డిగ్రీ చక్రం, డయల్ గేజ్ పెట్టి టైమింగ్ కార్డులోని అంకెలతో సరిచూడమని అడిగితే కొందరు మెకానిక్‌లు విసుక్కుంటారు. గుర్తులు కలిపితే చాలునంటారు. గుర్తులు స్టాక్ క్యామ్‌కు చాలు, బయటి క్యామ్‌కు చాలవు.

లోబ్ మీద రాపిడితో నడిచే టాపెట్లు గల కాస్ట్ ఐరన్ ఇంజిన్‌లో కొత్త క్యామ్ వేసినప్పుడు కొత్త టాపెట్లు కూడా వేయాలి, అరిగిన పాదం కొత్త లోబ్‌ను మొదటి రోజే కొరికేస్తుంది. బిగించేటప్పుడు అసెంబ్లీ పేస్టు పూసి, మొదటిసారి స్టార్టు అయ్యాక ఐడ్లింగ్‌లో వదిలేయకుండా 2,000 ఆర్‌పీఎమ్ పరిసరాల్లో వేగం కొద్దిగా మారుస్తూ నడపాలి, ఎందుకంటే నిదానంగా తిరిగే ఇంజిన్‌లో లోబ్‌లకు ఆయిలు సరిగ్గా అందదు. ఎదురుగా ఫ్యాను పెట్టి, ఇంజిన్ మరీ వేడెక్కితే ఆపి చల్లబరిచి మళ్లీ కొనసాగించాలి. ఆ తరువాత ఇంజిన్ పూర్తిగా చల్లారాక పుష్‌రాడ్‌ను వేళ్లతో తిప్పి చూడాలి. పైకీ కిందికీ ఆడకుండా, పట్టేయకుండా స్వేచ్ఛగా తిరిగితే సర్దుబాటు సరిగ్గా ఉన్నట్టు. మొదటి ఆయిలును త్వరగానే దించి ఫిల్టరును విప్పి వెలుతురులో చూడాలి, అందులో మెరిసే రజను ఎక్కువగా కనిపిస్తే ఇంజిన్‌ను ఇక తిప్పకుండా కవరు విప్పాలి.